డైరెక్ట్ బ్లూ: నూలు మీద మచ్చలు, ఉతికితే రంగు దిగడం, మిగతా బట్టలకు పనికొస్తుందా?

నీలికొంగు:
నమస్కారమండీ. తెల్ల నూలు దుపట్టాలు మూడింటికి నీలం వేయాలి. మూడూ కలిపి పొడిగా 600 గ్రాములు తూగాయి. పొట్లం మీద డైరెక్ట్ బ్లూ (నూలుకు నేరుగా ఎక్కే రకం నీలం) అని మాత్రమే ఉంది, ఏ నీలమో చెప్పే నంబరు లేదు. చేసిన పద్ధతి ఇది: 5 లీటర్ల బోరు నీళ్లు మరిగించి, అందులో 10 గ్రాముల పొడి, రెండు గుప్పిళ్ల కళ్ళుప్పు ఒకేసారి వేసి, పొడి దుపట్టాలు ముంచి 20 నిమిషాలు ఉంచడం. ఫలితం: మడతల దగ్గర ముదురు చారలు, అక్కడక్కడా చుక్కలు, నాలుగు ఉతుకుల తర్వాత కూడా నీళ్లు నీలంగానే వస్తున్నాయి. ఎక్కడ తప్పింది? ఇదే రంగు రేయాన్‌కి, పట్టుకి, పాలియెస్టర్ కలిసిన నూలుకి వేయొచ్చా? రంగు దిగకుండా ఉప్పునీళ్లలో, పటికలో నానబెట్టమంటున్నారు, అది పనిచేస్తుందా?

చిలపనూలు:
మీరు ఇచ్చిన లెక్కల్లోనే జవాబు ఉందండీ. ఒక్కటి కాదు, అయిదారు తప్పులు కలిశాయి.

మొదటిది నీళ్లు. 600 గ్రాములకు 5 లీటర్లంటే బట్ట బరువుకు ఎనిమిది రెట్లే. గిన్నెలో కర్రతో తిప్పే పనికి 20 నుంచి 30 రెట్లు కావాలి, అంటే మీకు 12 నుంచి 18 లీటర్లు, మధ్యగా 15 అనుకోండి. బట్ట నీళ్లలో తేలిగ్గా మెదలాలి. ఇరుక్కుని కూర్చుంటే మడత బయటి భాగానికి రంగు ఎక్కువ, లోపలికి తక్కువ. మీ చారలు అవే.

రెండోది ఉప్పు. డైరెక్ట్ రంగుకు ఉప్పు రుచి కోసం వేసేది కాదు, రంగును బట్ట మీదికి తోసేది అదే. నూలు నీళ్లలో తడిస్తే దాని మీద రుణావేశం ఏర్పడుతుంది, రంగు అణువుకూ రుణావేశమే. రెండూ దూరం దూరం. ఉప్పులోని సోడియం ఆ వికర్షణను తగ్గించగానే రంగు ఒక్కసారిగా నూలు మీద పడుతుంది. మరిగే నీళ్లలో మొదటే రెండు గుప్పిళ్లు వేస్తే ముందు ఏ భాగం తగిలిందో అక్కడే రంగంతా అతుక్కుంటుంది. డైరెక్ట్ రంగులను మూడు తరగతులుగా చూస్తారు: తనంతట తానే సమంగా సర్దుకునేవి, ఉప్పును కొంచెం కొంచెంగా వేసి అదుపు చేయాల్సినవి, ఉప్పుతో పాటు వేడిని కూడా నెమ్మదిగా పెంచాల్సినవి. నంబరు లేని పొట్లాన్ని ఎప్పుడూ మూడో తరగతి అనుకునే పని చేయండి. నష్టమేమీ లేదు, అరగంట ఎక్కువ పడుతుంది, అంతే.

మూడోది పొడిని నేరుగా నీళ్లలో చల్లడం. కరగని రేణువు బట్ట మీద వాలిన చోట చుక్క పడుతుంది. ముందు కొద్ది చల్లని నీళ్లతో ముద్దగా కలపాలి, దాని మీద మరిగే నీళ్లు పోసి పూర్తిగా కరిగించాలి, తర్వాత గుడ్డలో వడకట్టాలి.

నాలుగోది బోరు నీళ్లు. వాటిలోని కాల్షియం, మెగ్నీషియం రంగుతో కలిసి కరగని మడ్డిగా మారతాయి. అది బట్ట పైపైన అంటుకుని రుద్దితే వస్తుంది, నీలం కూడా బూడిదగా కనిపిస్తుంది. లీటరుకు 1 గ్రాము సోడియం హెక్సామెటాఫాస్ఫేట్ రంగు కంటే ముందు వేసి కరిగించండి. ఈడీటీఏ కూడా కాఠిన్యాన్ని పట్టేస్తుంది కానీ రాగి కలిసిన కొన్ని డైరెక్ట్ నీలాల నుంచి రాగిని లాగేసి ఛాయ మార్చేస్తుంది, అందుకే నంబరు తెలియనప్పుడు హెక్సామెటానే నయం. కళ్ళుప్పులోనూ మెగ్నీషియం ఉంటుంది, వానాకాలం అది చెమ్మగిల్లేది అందుకే. గ్లాబర్ సాల్ట్ (సోడియం సల్ఫేట్) దొరికితే అది, లేకపోతే శుభ్రం చేసిన పొడి ఉప్పు వాడండి.

అయిదోది, బట్టను తయారు చేయకుండా పొడిగా దించడం. దుకాణంలో కొన్న తెల్ల దుపట్టాకు గంజి గానీ మెత్తదనం కోసం వేసే మందు గానీ ఉండే అవకాశం ఎక్కువ. ఆ మెత్తదనం మందు ధనావేశం గలది, అది ఎక్కడ పేరుకుంటే అక్కడ నీలాన్ని గబుక్కున పట్టేస్తుంది. లీటరుకు 2 గ్రాముల సోడా యాష్ (సోడియం కార్బొనేట్), 1 గ్రాము సబ్బు వేసి 45 నిమిషాలు మరిగించి, వేడి నీళ్లలో ఒకసారి, చల్లని నీళ్లలో రెండుసార్లు జాడించండి. తర్వాత ఒక మూల ఆరబెట్టి దాని మీద నీటి చుక్క వేయండి. అయిదు సెకన్ల లోపు ఇంకాలి. చుక్క ముత్యంలా నిలిస్తే ఇంకా మైనమో నూనో ఉన్నట్టే, మళ్లీ మరిగించాలి. గంజి అనుమానం ఉంటే టింక్చర్ అయోడిన్‌ను పదింతల నీళ్లలో కలిపి అంచు దగ్గర ఒక చుక్క వేయండి, నల్లనీలంగా మారితే గంజి ఉంది. మగ్గం మీద దిగిన చేనేత బట్టయితే పడుగుకు గంజి తప్పకుండా ఉంటుంది. దాన్ని గోరువెచ్చని నీళ్లలో ఒక రాత్రి నానబెట్టి తర్వాత సోడాలో ఉడకబెట్టాలి.

ఇక రంగు వేసే వరస, మీ 600 గ్రాములకే చెబుతాను. మధ్యస్థ నీలానికి బట్ట బరువులో 2 శాతం, అంటే 12 గ్రాములు. స్టీలు గిన్నె లేదా పెచ్చులూడని ఎనామెల్ గిన్నె మాత్రమే. అల్యూమినియాన్ని సోడా తినేస్తుంది, ఇనుము, రాగి ఛాయ మారుస్తాయి. ఆ గిన్నెలో మళ్లీ వంట చేయకూడదు.

15 లీటర్ల నీళ్లు 40 డిగ్రీల దగ్గర, అంటే చేయి పెట్టగలిగే వెచ్చదనంలో ఉండగా 15 గ్రాముల హెక్సామెటా, 15 గ్రాముల సోడా యాష్, వడకట్టిన రంగు వేసి కలపండి. తడిపి పిండిన దుపట్టాలను విడదీసి దించండి. ఉప్పు లేకుండానే 10 నిమిషాలు తిప్పండి. తర్వాత వేడిని నిమిషానికి ఒకటి రెండు డిగ్రీల చొప్పున పెంచుతూ 30 నుంచి 40 నిమిషాల్లో మరుగు దగ్గరకు, 90 నుంచి 95 డిగ్రీలకు తేవాలి. ఉప్పు మొత్తం 225 గ్రాములు, లీటరుకు 15 లెక్క. దీన్ని మూడు భాగాలు చేసి 70 డిగ్రీల దగ్గర ఒకటి, 85 దగ్గర ఒకటి, మరుగు వచ్చాక ఒకటి. మొదటి భాగం చిన్నది, చివరిది పెద్దది. ప్రతిసారీ దుపట్టాలు పైకెత్తి, ఉప్పును వేడి నీళ్లలో కరిగించి పోసి, కలిపాకే మళ్లీ దించాలి. మరుగు మీద 45 నిమిషాలు. పొయ్యి ఆపాక వెంటనే తీయొద్దు. అదే నీళ్లలో 60 డిగ్రీలకు చల్లారే దాకా అరగంట తిప్పుతూ ఉంచండి. చల్లారుతున్నప్పుడే మిగిలిన రంగులో చాలా భాగం నూలు ఎక్కుతుంది. 20 నిమిషాల్లో తీసేస్తే రంగు పైపొరలోనే ఆగుతుంది, లోపలికి చొరబడే సమయం దానికి ఉండదు. మీ నాలుగు ఉతుకుల నీలి నీళ్లకు ఇదీ ఒక కారణం.

లేత నీలం కావాలంటే పొడిని తూచడం కష్టం. 10 గ్రాములు లీటరు నీళ్లలో కరిగించి పెట్టుకుంటే 1 మి.లీ.లో 0.01 గ్రాము ఉంటుంది. 600 గ్రాములకు 0.2 శాతం అంటే 120 మి.లీ. కొలిచి పోయడమే. లేత ఛాయలకు ఉప్పు లీటరుకు 5 గ్రాములు చాలు. ఎక్కువైతే మచ్చలు ముందు పడేది లేత రంగులోనే.

పట్టుపోగు:
మిగతా బట్టల సంగతి నేను చెబుతాను.

రేయాన్ కూడా నూలులాగే సెల్యులోజే (మొక్కల పీచు పదార్థమే) కాబట్టి ఇదే రంగు పడుతుంది. నూలు కంటే త్వరగా, ముదురుగా పడుతుంది. అందుకే రంగు నాలుగో వంతు తగ్గించి, ఉప్పు సగం చేసి, వేడి ఇంకా నెమ్మదిగా పెంచండి. తడి రేయాన్‌కు బలం బాగా తగ్గుతుంది, కర్రతో పొడవకండి, మెలితిప్పి పిండకండి. నూలునూ రేయాన్‌నూ ఒకే గిన్నెలో వేస్తే రెండూ రెండు ఛాయలు వస్తాయి. మెర్సరైజ్ చేసిన (కాస్టిక్ సోడాతో మెరుపు తెప్పించిన) నూలుకూ అంతే, మామూలు నూలు పక్కన అది ఎప్పుడూ ముదురే. లినెన్ నూలులాగే, కానీ గట్టి దారం కనుక మరుగు మీద ఇంకో 15 నిమిషాలు ఉంచాలి. జనపనారకూ పడుతుంది, దాని సొంత పసుపు గోధుమ ఛాయ కలిసి నీలం కాస్త ఆకుపచ్చ వైపు తిరుగుతుంది.

పట్టుకి వేయొచ్చు, కానీ పద్ధతి మార్చాలి. సోడా అసలు వేయకూడదు, క్షారం పట్టు మెరుపును, బలాన్ని రెంటినీ తినేస్తుంది. 40 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, బట్ట బరువులో 5 నుంచి 10 శాతం గ్లాబర్ సాల్ట్‌తో 40 నిమిషాల్లో 85 నుంచి 90 డిగ్రీలకు తెచ్చి, అక్కడ 20 నిమిషాల తర్వాత ఎసిటిక్ ఆమ్లం వేయాలి. 300 గ్రాముల పట్టుకి 5 శాతం వెనిగర్ 100 మి.లీ. దాకా సరిపోతుంది, రెండు విడతలుగా పోయండి. మరగనివ్వకండి. ఉన్నికీ ఇలాగే ఆమ్లంతోనే. పట్టు, ఉన్ని మీద డైరెక్ట్ రంగు నిలకడ చాలాసార్లు నూలు మీద కంటే మెరుగ్గానే ఉంటుంది, ఎందుకంటే అక్కడ ఆమ్లంలో ధనావేశం పొందిన పోగు రంగును పట్టి ఉంచుతుంది. నైలాన్‌కూ కొన్ని డైరెక్ట్ నీలాలు ఆమ్లంలో ఎక్కుతాయి, అన్నీ కాదు. చిన్న ముక్క మీద చూడందే దించొద్దు.

పాలియెస్టర్, ఆక్రిలిక్, ఎసిటేట్ పట్టవు. 65 శాతం పాలియెస్టర్, 35 శాతం నూలు ఉన్న చొక్కా గుడ్డ వేస్తే ఆ 35 శాతానికే రంగు ఎక్కుతుంది, మొత్తం మీద వెలిసిన నీలంలా కనిపిస్తుంది. ఎంత రంగు పెంచినా మారదు. తెల్ల నూలు బట్టలో కుట్టుదారం తెల్లగా మిగిలితే ఆ దారం పాలియెస్టర్ అన్నమాట, రంగు లోపం కాదు.

ఒక హెచ్చరిక. గద్వాల్ చీరలో ఒళ్లు నూలు, అంచు పట్టు. దాన్ని ఒకే తొట్టిలో దించితే నూలుకు సరిపడే సోడా పట్టును పాడు చేస్తుంది, పట్టుకు సరిపడే ఆమ్లంలో నూలు తక్కువ ఎక్కుతుంది, జరీ సంగతి వేరే. మంగళగిరి జరీ అంచు చీరలకూ ఇది పనికిరాదు. పోచంపల్లి ఇక్కత్ కోసం నూలు చిలపలకు డైరెక్ట్ వేయాలని అడుగుతుంటారు. వద్దు. కట్టు కట్టి తెల్లగా ఆపిన భాగమే ఇక్కత్‌కు ప్రాణం. మొదటి ఉతుకులోనే పక్క నీలం ఆ తెలుపులోకి దిగుతుంది. దానికి వ్యాట్ (నీలిమందు లాంటి, నీళ్లలో కరగని రకం) గానీ రియాక్టివ్ (నూలుతో రసాయన బంధం వేసుకునే రకం) గానీ వాడాలి.

నీలికొంగు:
చాలా వివరంగా చెప్పారు, కృతజ్ఞతలండీ. పొట్లంలో ఉన్నది నిజంగా డైరెక్టేనా అని ఇంట్లో తేల్చుకునే మార్గముందా? ఉప్పు, పటిక సంగతి కూడా చెప్పండి.

అద్దకంపని:
ముందు పొడి. ఒక వడపోత కాగితాన్ని తడిపి, చిటికెడు పొడిని దూరం నుంచి దాని మీదకు ఊదండి. ఒకే ఛాయ చుక్కలు పడితే ఒకే రంగు. నీలంతో పాటు ఊదా, ఎరుపు, నలుపు చుక్కలు కనిపిస్తే మిశ్రమం. మిశ్రమంలో ఒక్కోటి ఒక్కో వేగంతో ఎక్కుతుంది కాబట్టి మచ్చల అంచులు ఊదాగా కనిపిస్తాయి.

ఇప్పటికే రంగు వేసిన బట్టయితే చిన్న ముక్కను పలచని అమ్మోనియా నీళ్లలో మరిగించండి, కిటికీలు తెరిచి. రంగు నీళ్లలోకి దిగాక ముక్క తీసేసి, అందులో తెల్ల నూలు ముక్క, చిటికెడు ఉప్పు వేసి మళ్లీ మరిగించండి. తెల్ల ముక్క నీలమై, చల్లని నీళ్లలో జాడించినా నీలంగానే ఉంటే అది డైరెక్ట్. రియాక్టివ్ అలా దిగి మళ్లీ ఎక్కదు. నీలిమందు అయితే ఇంకో తేడా: పొడి గుడ్డతో రుద్దితే వస్తుంది కానీ నీళ్లలో దిగదు. డైరెక్ట్ దానికి తలకిందులు.

అన్ని బట్టలకూ అని అమ్మే పొట్లాలు, అమెరికాలో ఉన్నవాళ్లకు తెలిసిన రిట్ లాంటివి, డైరెక్ట్, యాసిడ్ రంగులు రెండూ కలిపినవి. నూలు వేస్తే డైరెక్ట్ భాగమే ఎక్కుతుంది, యాసిడ్ భాగం నీళ్లలోనే మిగిలిపోతుంది. ఎంత సేపు ఉడికించినా తొట్టి నీలంగానే ఉందంటే కారణం అదే కావచ్చు. ఆ మిగిలిన నీళ్లలో కొద్దిగా వెనిగర్ పోసి పట్టు ముక్క దించి చూడండి, ఎక్కేస్తుంది.

ఉప్పునీళ్లు, పటిక. మన ఇళ్లలో కొత్త చీరను ఉప్పునీళ్లలో నానబెట్టడం అలవాటు. ఉప్పు ఉన్నంతసేపు రంగు నీళ్లలోకి రాదు, పైన చిలపనూలు గారు చెప్పిన కారణం చేతనే. తర్వాత మామూలు నీళ్లలో ఉతకగానే ఉప్పు పోతుంది, దానితో పాటు రంగూ దిగుతుంది. అంటే అది ఆ ఒక్క గంట ఆపుతుంది తప్ప రంగును కట్టదు. వెనిగర్ ఒక్కటే వేసినా నూలుకు ప్రయోజనం లేదు. పటిక కొన్ని చెట్ల రంగులకు పట్టు ఇస్తుంది గానీ డైరెక్ట్ నీలానికి ఆధారపడదగ్గది కాదు. డైరెక్ట్ అణువు పొడవుగా, చదునుగా ఉండి సెల్యులోజ్‌ను ఆనుకుని ఉంటుంది, రియాక్టివ్‌లా దానితో రసాయన బంధం వేసుకోదు. ఎక్కడం ఎంత సులువో దిగడమూ అంతే సులువు. ఆ గుణంతోనే 1884లో కాంగో రెడ్ వచ్చినప్పుడు ఏ కసరూ (రంగును పట్టించే మందు) లేకుండా నూలుకు నేరుగా రంగు పట్టడం సాధ్యమైంది. ఆ గుణమే ఉతుకు దగ్గర దెబ్బ కొడుతుంది.

కట్టాలంటే ధనావేశం గల డై ఫిక్సర్ కావాలి. రంగుల మందుల దుకాణాల్లో ద్రవంగా దొరుకుతుంది. బట్ట బరువులో 2 శాతం, మీకు 12 గ్రాములు, 12 నుంచి 15 లీటర్ల కొత్త నీళ్లలో, 40 నుంచి 50 డిగ్రీల దగ్గర 20 నిమిషాలు. పీహెచ్ 5 నుంచి 6 మధ్య ఉండాలి, కాగితంతో చూసుకుంటూ వెనిగర్ పోయండి. బోరు నీళ్లయితే ఎక్కువే పడుతుంది. దానికి ముందు రెండు షరతులు. ఒకటి, జాడించిన నీళ్లు దాదాపు తేటగా వచ్చే దాకా చల్లని నీళ్లలో కడగాలి. వదులుగా ఉన్న రంగు మీద ఫిక్సర్ పడితే అది అక్కడే మడ్డిగా గడ్డకట్టి, తర్వాత రుద్దితే చేతికి అంటుతుంది. రెండు, సబ్బు జాడ ఉండకూడదు. సబ్బు, ఫిక్సర్ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఫిక్సర్ తర్వాత ఒక్కసారి చల్లని నీళ్లలో జాడించి నీడన ఆరేయండి.

ఫిక్సర్ ఉతుకు నిలకడను పెంచుతుంది, ఎండ నిలకడను పెంచదు, కొన్ని నీలాల్లో తగ్గిస్తుంది కూడా. నెమలికంఠం ఛాయకు వాడే డైరెక్ట్ బ్లూ 86లో అది బాగా కనిపిస్తుంది. కిటికీ పరదాలకు ఫిక్సర్ వేసే ముందు ఒక ముక్కను సగం కాగితంతో కప్పి వారం ఎండలో పెట్టి చూడండి. మైలుతుత్తంతో కట్టే పాత పద్ధతి ఒకటుంది, 1 నుంచి 2 శాతం మైలుతుత్తం, కొంచెం ఎసిటిక్ ఆమ్లం, 60 డిగ్రీల్లో అరగంట. రాగిని పట్టే అమరిక అణువులో ఉన్న రంగులకే అది పనిచేస్తుంది, ఛాయ మందగిస్తుంది, రాగి నీళ్లు మురికికాల్వలో పోయడం మంచిది కాదు. ఇంటి పనికి నేను వద్దనే అంటాను.

సరిపోయిందో లేదో చూడడానికి: లీటరుకు 5 గ్రాముల సబ్బు, 40 డిగ్రీలు, 30 నిమిషాలు, రంగు ముక్కకు తెల్ల నూలు ముక్క కుట్టి. తెల్ల ముక్క ఎంత నీలమైందన్నది నీళ్ల రంగు కంటే ముఖ్యం.

చిలపనూలు:
నంబరు లేని పొట్లం గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. పాత డైరెక్ట్ నీలాల్లో చాలా వాటికి మూలం బెంజిడిన్ లేదా దాని దగ్గరి పదార్థాలు, క్యాన్సర్ కలిగించేవి. డైరెక్ట్ బ్లూ 6 బెంజిడిన్‌ది. 14, 53 టోలిడిన్‌వి, 1, 15 డయానిసిడిన్‌వి. మన దేశంలో 1993లో 42 బెంజిడిన్ రంగులను, 1997లో మరో 70 అజో (అణువులో జంట నైట్రోజన్ బంధం ఉన్న) రంగులను నిషేధించారు. కొనేటప్పుడు సీఐ నంబరు (కలర్ ఇండెక్స్ అనే రంగుల పట్టికలోని నంబరు) అడిగి బిల్లు మీద రాయించుకోండి. 71 గానీ, రాగి థాలోసయనిన్ రకాలైన 86, 199 గానీ అడగండి. నంబరు చెప్పలేని దుకాణంలో ఒంటికి తగిలే బట్ట కోసం కొనకండి, చిన్నపిల్లల బట్టలకైతే అసలే వద్దు. తూచేటప్పుడు మాస్కు, చేతి తొడుగులు, ఫ్యాన్ ఆపడం తప్పనిసరి.

86కు వరస కొంచెం మారుతుంది. అణువు పెద్దది, నెమ్మదిగా చొరబడుతుంది, ఉప్పు ఎక్కువ అడుగుతుంది. లీటరుకు 20 గ్రాములు, మరుగు మీద 60 నిమిషాలు.

నీలికొంగు:
71 నంబరు రాసిచ్చే దుకాణం ఒకటి దొరికింది. ఇప్పుడున్న మచ్చల దుపట్టాల మీద నేరుగా అదే వేస్తే కప్పేస్తుందా?

అద్దకంపని:
కప్పదండీ. ముదురు చోట ఇంకా ముదురవుతుంది. ముందు ఉన్నది దింపాలి.

మీరు ఫిక్సర్ వేయలేదు కాబట్టి తేలిక. 15 లీటర్ల నీళ్లలో 30 గ్రాముల సోడా యాష్ కరిగించి, 80 డిగ్రీలకు తెచ్చి, 45 గ్రాముల హైడ్రోస్ (రంగును విరిచే సోడియం హైడ్రోసల్ఫైట్ పొడి) చల్లి, దుపట్టాలు మునిగేలా 20 నుంచి 30 నిమిషాలు నెమ్మదిగా తిప్పండి. పైకి తేలనివ్వకండి, గాలి తగిలిన కొద్దీ హైడ్రోస్ చచ్చిపోతుంది. అజో నీలం అయితే పసుపు ఛాయకో తెలుపుకో వస్తుంది. నెమలికంఠం రకమైతే హైడ్రోస్‌కు సరిగా లొంగదు, అప్పుడు సోడా, సబ్బుతో రెండు మూడుసార్లు మరిగించి దిగినంత దింపి, పైన ముదురు నేవీకి వెళ్లడమే మార్గం. హైడ్రోస్ డబ్బాలో చెమ్మ పడితే తనంతట తానే వేడెక్కి అంటుకుంటుంది. పొడి చెంచాతో తీసి వెంటనే మూత బిగించండి, నీళ్లను పొడి మీద పోయకండి, పొడినే నీళ్లలో వేయండి. ఘాటైన గంధకం వాసన వస్తుంది, పని ఆరుబయట పెట్టుకోండి.

దింపాక వేడి నీళ్లలో రెండుసార్లు, చల్లని నీళ్లలో రెండుసార్లు జాడించాలి. హైడ్రోస్ జాడ మిగిలితే కొత్త రంగును కూడా తినేస్తుంది. చివరి జాడింపులో లీటరుకు 1 మి.లీ. హైడ్రోజన్ పెరాక్సైడ్ వేసి 10 నిమిషాలు ఉంచి కడిగితే ఆ భయం ఉండదు. తర్వాత నీటి చుక్క పరీక్ష మళ్లీ చేయండి.

71తో పని అయ్యాక తొట్టి నీళ్లు పారబోయకండి. అందులో ఉప్పు దాదాపు అంతా, రంగు కొంత మిగిలే ఉంటాయి. అదే ఛాయ రెండో విడతకు రంగు ముప్పావు వంతు, ఉప్పు పావు వంతు కలిపితే చాలు. ఈసారి ఉప్పు మొదటి నుంచే తొట్టిలో ఉంటుంది కనుక బట్టను 40 డిగ్రీల కంటే చల్లగా ఉన్నప్పుడే దించి, వేడిని ఇంకా నిదానంగా పెంచండి.